మంచి దుకాణము పేరు, దొంగ వెబ్‌సైటు: సిగ్గుపడవలసినది రైతు కాదు

(ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్సి. అగ్రికల్చర్)

మిరప నారుమడి పోసే రోజులలో రైతుకు రెండే చింతలు. వాన సకాలమునకు పడునా అన్నది ఒకటి. కోరిన విత్తనము దొరకునా అన్నది రెండవది. సంకర మిరప విత్తనము పది గ్రాముల ప్యాకెట్లలో వచ్చును. ఎకరమునకు ఎనిమిది నుండి పది ప్యాకెట్లు కావలెను. ఏదైన ఒక రకమునకు పేరు వచ్చిన ఏడు అంగళ్లలో ఆ సరుకు కనబడదు. కనబడినను ప్యాకెట్టు మీది ధరకు ఇవ్వరు. రైతు ఆతురతతో ఉన్న ఆ పది పదిహేను రోజులే మోసగానికి పంట కాలము.

మా మండలములో జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. పేర్లు చెప్పను. నష్టపోయిన వారికి ఆ నష్టము చాలును. దానికి తోడు అచ్చులో పేరు పడనక్కరలేదు.

ఒక పెద్దాయన మూడెకరముల మిరప రైతు. ఇరువది ఏండ్లుగా జిల్లా కేంద్రములోని ఒకే దుకాణములో విత్తనము కొనుచున్నాడు. ఆ ఏడు ఊరిలో సరుకు దొరకక, సెల్‌ఫోనులో ఆ దుకాణము పేరు కొట్టి వెదకినాడు. మొట్టమొదట కనబడిన వెబ్‌సైటును తెరచినాడు. దుకాణము పేరు అదే. బోర్డు ఫోటో అదే. లైసెన్సు కాగితము కూడ పెట్టి ఉన్నది. కోరిన రకము ప్యాకెట్టు రు. 700 చొప్పున, అనగా అసలు ధరకే, ఇంటికి పంపెదమని వ్రాసి ఉన్నది. ఫోను చేయగా అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాటలాడినాడు. ఇరువది ఏడు ప్యాకెట్లకు రు. 18,900 యూపీఐ ద్వారా పంపినాడు. మరునాడు రవాణా డిపాజిట్టు అని, సరుకు చేరగానే తిరిగి ఇచ్చెదమని మరి రు. 1,900 అడిగిరి. అదియు పంపినాడు. ఆ పిమ్మట ఆ ఫోను మ్రోగలేదు.

తొమ్మిది దినములు ఎదురుచూచి, బస్సెక్కి దుకాణమునకు పోయి తగవు పెట్టుకొన్నాడు. దుకాణదారు నిర్ఘాంతపోయినాడు. ఆయనకు వెబ్‌సైటే లేదు! ఆ వారములో అట్లు వచ్చి తిట్టినవారిలో ఈయన ఐదవవాడట. ముప్పది ఏండ్లు కష్టపడి తెచ్చుకొన్న పేరు ముప్పది గంటలలో పోయినదని ఆ షావుకారు కంట నీరు పెట్టుకొన్నాడు.

పెద్దాయన నా వద్దకు వచ్చినది పన్నెండవ నాడు. “ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు బాబాయిగారూ?” అని అడిగితిని. “ఊళ్లో నవ్వుతారు సార్. మా అబ్బాయి కూడా కోప్పడతాడని ఇంట్లో చెప్పలా” అన్నాడు. వెంటనే ఫిర్యాదు చేయించితిని. కాని అప్పటికి ఆ డబ్బు ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు, అక్కడ నుండి ఇంకొక ఖాతాకు పోయి, చివరకు నోట్లుగా తీయబడినది.

అదే వారములో ప్రక్క గ్రామములో ఒక రైతు సోదరి అదే వెబ్‌సైటుకు డబ్బు పంపినది. రవాణా డిపాజిట్టు మాట వినగానే ఆమెకు అనుమానము కలిగినది. ఎవరేమనుకొందురో అని చూడక, అర గంటలో 1930కి ఫోను చేసినది. ఆమె పంపిన దానిలో చాల భాగము ఆ ఖాతాలోనే నిలిపివేయబడినది. పోలీసు, న్యాయస్థానముల పనులు ముగిసి చేతికి వచ్చుటకు కొన్ని నెలలు పట్టినను, వచ్చినది.

ఈ ఇద్దరిలో ఒకరు తెలివిగలవారు, మరొకరు తెలివిలేనివారు అని నేను అనను. ఇద్దరూ ఒకే చోట మోసపోయిరి. తేడా ఒక్కటే: ఒకరు సిగ్గుపడిరి, ఒకరు పడలేదు. మోసగానికి అన్నిటికంటె పెద్ద సహాయము రైతు పడే ఆ సిగ్గే అని నా అభిప్రాయము. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది కూడ అదియే.

దొంగ వెబ్‌సైటు ఎట్లు పుట్టును?

ఊరిలో దుకాణము పెట్టవలెనన్న గది కావలెను, అడ్వాన్సు కావలెను, సరుకు కావలెను. వెబ్‌సైటునకు ఇవి ఏవియు అక్కరలేదు. ఏడాదికి కొన్ని వందల రూపాయలు చెల్లించినచో, వేరెవరును తీసుకొనని ఏ పేరునైనను చిరునామాగా పొందవచ్చును. మంచి దుకాణము ఫోటోలు, గుర్తు, లైసెన్సు ప్రతి కొన్ని నిమిషములలో ఎత్తి వ్రాసికొనవచ్చును. మార్చవలసినవి రెండే: ఫోను సంఖ్య, డబ్బు చేరు ఖాతా. వెదకినపుడు పై వరుసలో కనబడుటకు ప్రకటన రుసుము కట్టినచో చాలును. కనుక మొదట కనబడినదే అసలైనదని నమ్మరాదు. ఆ వరుస ప్రక్కన ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరములతో ఉన్నచో అది డబ్బిచ్చి వేయించుకొన్న ప్రకటన అని అర్థము.

చిరునామా ప్రక్కన కనబడు తాళము గుర్తును చూచి ధైర్యపడువారు కూడ కలరు. మీ ఫోనుకును ఆ వెబ్‌సైటుకును నడుమ సాగు మాటలు మూడవవానికి తెలియకుండ ఉండునని మాత్రమే ఆ తాళము చెప్పును. అవతల ఉన్నది దొరయో దొంగయో అది చెప్పదు.

ఈ మోసము ప్రైవేటు దుకాణములకే పరిమితము కాదు. సౌర పంపుసెట్ల కొరకు కేంద్ర ప్రభుత్వము 2019లో మంజూరు చేసిన పి.ఎం. కుసుమ్ పథకము పేరుతో కూడ నకిలీ వెబ్‌సైట్లు వెలసినవి. రిజిస్ట్రేషను రుసుము అని, పంపు ఖరీదు అని రైతుల వద్ద వసూలు చేయుచున్నారని, వివరములు కూడ లాగుచున్నారని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ ఆ ఏడు మొదలు పలుమార్లు హెచ్చరించినది. ఆ హెచ్చరికలలో చూపిన నకిలీ చిరునామాలలో ఒకటి ‘కుసుమ్ యోజన ఆన్‌లైన్ డాట్ ఇన్ డాట్ నెట్’. ఆ మంత్రిత్వ శాఖ వారి చిరునామా ‘గవ్ డాట్ ఇన్’ అని ముగియును. ముందున్న పేరు ఎంత అందముగ ఉన్నను, గుట్టు తోకలో ఉన్నది.

సంచికి ట్యాగు, వెబ్‌సైటుకు తోక

మనకు నకిలీ కొత్త కాదు. నకిలీ విత్తనము వచ్చినదని విత్తనము కొనుట మానితిమా? 1966లో విత్తన చట్టము వచ్చినది. ధ్రువీకరించిన విత్తనమునకు నీలి రంగు ట్యాగు, మూల విత్తనమునకు తెల్ల ట్యాగు ఏర్పడినవి. నేడు చదువు రాని రైతు కూడ సంచి మీది బొమ్మను చూచి ఊరుకొనడు. ట్యాగును త్రిప్పి చూచును. బొమ్మను ఎవరైనను అచ్చు వేయవచ్చునని అనుభవము నేర్పినది.

వెబ్‌సైటు విషయములోను అంతే. ఫోటోలు సంచి మీది బొమ్మ వంటివి. చిరునామా చివరి భాగము ట్యాగు వంటిది. ఉత్తరము మీద మనిషి పేరు ఎంత పెద్దగ వ్రాసినను, చివర వ్రాసిన ఊరికే ఉత్తరము చేరును. అట్లే వెబ్‌సైటు చిరునామాను, మొదటి అడ్డగీటు వరకు తీసికొని, వెనుక నుండి ముందుకు చదువవలెను. ‘గవ్ డాట్ ఇన్’ అను తోకను ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇత్తురు. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31 లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ అను తోకకు మార్చవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. కాని విత్తనముల దుకాణమునకు, ట్రాక్టరు డీలరుకు, ఎరువుల కంపెనీకి అట్టి ప్రత్యేకమైన తోక లేదు. అక్కడ ఈ క్రింది జాగ్రత్తలే మనకు ట్యాగు:

1. వెబ్‌సైటులో ఉన్న ఫోను సంఖ్యకు కాక, మీ వద్దనున్న పాత బిల్లు మీది సంఖ్యకు ఫోను చేయండి. “మీకు వెబ్‌సైటు కలదా?” అని ఒక్క మాట అడుగండి. పెద్దాయన ఇంటిలో పాత బిల్లులు ఇరువది ఏండ్లవి ఉన్నవి!

2. యూపీఐలో డబ్బు పంపుటకు ముందు పుచ్చుకొనువారి పేరు కనబడును. దుకాణము పేరుకు బదులు ఎవరో తెలియని వ్యక్తి పేరు వచ్చినచో అక్కడే ఆగిపొండు.

3. విత్తన విక్రేతకు లైసెన్సు ఉండవలెనని, కొన్నవారికి బిల్లు ఇవ్వవలెనని 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు చెప్పుచున్నది. రకము, లాటు నంబరు తెలిపి బిల్లు ఇచ్చెదరా అని డబ్బుకు ముందే అడుగండి. దొంగ ఇక్కడ తడబడును.

4. డబ్బు తిరిగి వచ్చుటకు డబ్బు కట్టుమన్నచో, పిన్ను కొట్టుమన్నచో అది రెండవ మోసము. మనకు డబ్బు వచ్చుటకు పిన్ను ఎన్నడును అక్కరలేదు.

మోసపోయిన మొదటి గంట

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవని సామెత. ఇక్కడ ఆరు నెలలు అక్కరలేదు, ఆరు గంటలు చాలును. మోసగాడు డబ్బును ఒక ఖాతాలో నిలుపడు. కనుక అతని కంటె ముందు మన ఫిర్యాదు ఆ బ్యాంకునకు చేరవలెను. దీని కొరకే కేంద్ర హోంశాఖ 2021లో సహాయ టెలిఫోను ఏర్పాటు చేసినది. మొదట దాని సంఖ్య 155260. తరువాత 1930గా మారినది. పాత సంఖ్య గోడల మీద ఎక్కడైన మిగిలియున్నచో చెరిపి క్రొత్తది వ్రాయండి.

1930కి ఫోను చేయునపుడు ఇవి చేత ఉంచుకొనవలెను: మీ బ్యాంకు పేరు, ఖాతా వివరము, పంపిన మొత్తము, తేదీ, సమయము, యూపీఐ రసీదులో ఉండు పన్నెండంకెల సంఖ్య, అవతలివారి ఫోను, యూపీఐ చిరునామా, వెబ్‌సైటు పూర్తి చిరునామా. వీనిని బట్టి పోలీసులు సంబంధిత బ్యాంకులకు తెలిపి, ఖాతాలో ఇంకను మిగిలిన సొమ్మును నిలుపుదల చేయించెదరు. పిమ్మట ‘సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’ అను చోట ఫిర్యాదు పూర్తి చేయవలెను. మీ బ్యాంకుకు కూడ అదే రోజు వ్రాసి ఇవ్వవలెను. సంభాషణలను, రసీదులను కోపముతో చెరిపివేయరాదు, అవియే సాక్ష్యము.

పోలీసు స్టేషనులో “మా పరిధి కాదు” అను మాట విని వెనుకకు రానక్కరలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఏ ప్రాంతములో జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. పరుల వేషము వేసి కంప్యూటరు సాధనములతో మోసగించుట సమాచార సాంకేతిక చట్టము, 2000లోని 66-డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపదగిన నేరము. నేరము చేసినవాడు వాడు. మీరు కారు.

దుకాణదారు ఊరకుండరాదు

పేరు పోయిన వ్యాపారి కూడ తరచు సిగ్గుపడి ఊరకుండును. “నాది కానిదానికి నేనెందుకు మాటలాడవలెను?” అనుకొనును. ఇది పొరపాటు. ఆయన మౌనముగా ఉన్న ప్రతి దినము మరియొక రైతు ఆయన పేరు చూచి మోసపోవును. ఆయన చేయదగిన పనులు కలవు. దుకాణము ముందు పెద్ద అక్షరములతో “మాకు వెబ్‌సైటు లేదు” అనియో, “మా వెబ్‌సైటు ఇదొక్కటే” అనియో వ్రాయించవలెను. ప్రతి బిల్లు మీదను అదే ముద్ర వేయవలెను. స్వయముగ పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ ప్రతితో వెబ్‌సైటు చిరునామాను నమోదు చేసిన సంస్థకు, దానిని నిలిపియుంచిన సంస్థకు, ప్రకటనగా చూపుచున్న వెదకుడు సంస్థకు వ్రాయవలెను. ‘ఇన్’ అను తోక గల చిరునామాలపై వివాదములకు 2005 నుండి ప్రత్యేక పరిష్కార విధానము కూడ కలదు.

పేరు మీద హక్కు వ్యాపారిదే అని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పినది. సత్యం ఇన్ఫోవే కంపెనీ ‘సిఫీ’ అను పేరుతో వెబ్‌సైట్లు నడుపుచుండగా, వేరొక సంస్థ ఇంగ్లీషులో ఒక అక్షరము ఎక్కువ వేసి ‘సిఫ్ఫీ’ అని పెట్టుకొన్నది. అది దొంగతనపు కేసు కాదు, రెండు వ్యాపారముల వివాదము. అయినను వెబ్‌సైటు చిరునామాకు కూడ వ్యాపార చిహ్నమునకు వలెనే రక్షణ ఉండవలెనని ఆ తీర్పు తేల్చినది. పెద్ద కంపెనీకి దక్కిన న్యాయము జిల్లా కేంద్రములోని విత్తనముల కొట్టుకు కూడ వర్తించును.

మన బాధ్యత

ఇక గ్రామాధికారులకు, నా తోటి వ్యవసాయోద్యోగులకు ఒక మనవి. రైతు వచ్చి “మోసపోయాను” అన్నపుడు మన నోట మొదట వచ్చు మాట ఏమి? “చూచుకోవద్దా? చదువుకున్న కొడుకు ఉన్నాడు గదా!” అందుము. నేను కూడ అన్నవాడనే. ఆ మాట విని ఒకరు వెళ్లిపోయిన, వారిని చూచి పదిమంది మన గడప త్రొక్కరు. మొదటి మాట “ఎంత సేపయినది?” అని ఉండవలెను. రెండవ మాట “ఫోను ఇటు ఇవ్వండి, 1930కి చేయుదము” అని ఉండవలెను. బుద్ధులు చెప్పుటకు తరువాత కావలసినంత కాలమున్నది.

రెండవ సంగతి. లైసెన్సు పొందిన విత్తన, ఎరువు, పురుగుమందు విక్రేతల జాబితాలు మన శాఖ వద్ద కలవు. వాని ప్రక్కన అసలైన ఫోను సంఖ్యను, వెబ్‌సైటు ఉన్నచో దాని చిరునామాను, లేనిచో “లేదు” అను మాటను చేర్చి, సీజనుకు ముందు ప్రతి గ్రామములో నోటీసు బోర్డుకు అంటించవలెనని నా సూచన. దీనికి నిధులు అక్కరలేదు, ఒక దినము పని. సరిచూచుకొను సాధనము చేతికి ఇవ్వకుండ “జాగ్రత్తగా ఉండుడు” అని చెప్పుట, నీరు లేని మడిలో నాటు వేయుమనుట వంటిది.

అసలు రైతుకు ఫోనులో కొనుగోలు ఎందుకు, పాత పద్ధతి చాలదా అని కొందరు పెద్దలందురు. వారి భయము అర్థము చేసికొనదగినదే. కాని ఫోను వలన ధరలు తెలియుచున్నవి, వాతావరణము తెలియుచున్నది, పట్నము పోవు ఖర్చు తగ్గుచున్నది. దొంగ భయముతో సంతకు పోవుట మానిన ఊరు బాగుపడదు. సంతలో కాటాను సరిచూచుట నేర్చుకొన్నట్లే, ఇక్కడ చిరునామాను సరిచూచుట నేర్చుకొనవలెను.

మా పెద్దాయన డబ్బు రాలేదు. విత్తనము ఆలస్యమై నారు ముదిరే అదను తప్పి, మూడెకరములలో ఒక ఎకరమే మిరప వేసి, తక్కినది అపరాలకు వదలినాడు. కాని ఆ తరువాత ఆయన ఒక పని చేసినాడు. ఊరిలో రైతుల సమావేశమున లేచి నిలిచి, జరిగినదంతయు తానే చెప్పినాడు. ఎవరును నవ్వలేదు. సమావేశము ముగిసిన పిమ్మట ఇద్దరు రైతులు నన్ను ప్రక్కకు పిలిచి, తమకును ఇట్లే జరిగినదని, ఇంతవరకు ఎవరికిని చెప్పలేదని అన్నారు. అందులో ఒకరిది ముందటి రోజు సంగతి. ఆ సాయంకాలమే ఫోను చేసితిమి.

రైతు సోదరీ సోదరులారా! మోసము జరిగిన వెంటనే చెప్పండి. మీరు చెప్పిన మాట మీ డబ్బును కాపాడకపోయినను, ప్రక్కవాని డబ్బును కాపాడును.